గోడ అవతలి ప్రార్థన

బర్మాలో, మావాళ్ళు రంగం అనే రంగూన్‌లో మేము కాపురమున్న ఇంటికి గోడలు చెక్కవి. పజుండౌంగ్ క్రీకు ఒడ్డున, బియ్యపు మిల్లుల వెనక, ఒకే కప్పు కింద వరసగా ఎనిమిది గదులు. గదికీ గదికీ నడుమ కొట్టిన పలకలు ఎండకు బీటలిచ్చి, వానకు ఉబ్బి, ఎప్పుడూ ఏదో ఒక సందు వదిలి ఉండేవి. పక్కింట్లో పోపు వేస్తే మాకు తుమ్ములు వచ్చేవి. పక్కింటావిడ దగ్గితే మా అమ్మ ఇక్కణ్ణుంచే "ఏటైందే?" అని అడిగేది. ఆ గోడకు అవతల ఏం జరుగుతోందో తెలియకుండా ఉంటే నేను ఆ పని చేసి ఉండేదాన్ని కాదు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. పందొమ్మిది వందల ఇరవైల నడిమి మాట. మిషన్ బడిలో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించే పనిలో చేరి ఏడాదయింది. నాన్న మిల్లులో బస్తాలు కుట్టేవాడు. అమ్మ చూలాలు. నా తర్వాత ఇద్దరు పుట్టి దక్కలేదు. అందుకని ఈ కాన్పు మీద ఇంట్లో ఆశకన్నా భయమే ఎక్కువగా ఉండేది.

పక్క గదిలో ఉన్న భార్యాభర్తలు మా క్రైస్తవ సంఘం వాళ్ళే. చుట్టరికం లేకపోయినా ఆవిణ్ణి పిన్ని అనీ, ఆయన్ని చిన్నాన్న అనీ పిలిచేదాన్ని. ఆయన సేక్కాన్ రేవులో ఓడల మీంచి సరుకు దించే పనికి వెళ్ళేవాడు. పిల్లలు లేరు. ఆదివారం గుడిలో కీర్తన ఎత్తుకున్నామంటే ఆయన కంజిర మోగాల్సిందే. నన్ను "మేష్టరమ్మా" అని పిలిచేవాడు. ఆ పిలుపులో వేళాకోళం ఉండేది కాదు. పనివాళ్ళ పిల్ల ఒకతె బడిలో చదువు చెబుతోందని ఆయనకు నిజంగా గొప్పగా ఉండేది.

పిన్ని మాత్రం మాటకు పదును పెట్టుకుని పుట్టిన మనిషి. చేతికి ఎముక లేదు, నోటికి మూత లేదు. అంతకు ముందు క్రిస్మస్ రోజుల్లో స్త్రీల ప్రార్థన కూడికలో మోకరించి, కళ్ళు మూసుకుని, "ట్రాం దిగే కాడ పరాయి మగోళ్ళతోటి నవ్వుకుంటా మాటాడే మన ఆడపిల్లల్ని కాపాడు తండ్రీ" అని ప్రార్థించింది. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. కళ్ళు మూసుకోవలసిన వాళ్ళందరూ తెరిచి నా వైపు చూశారు. ట్రాంలో మరచిపోయిన గొడుగును తెచ్చి ఇచ్చిన గుమాస్తాతో నేను రెండు మాటలు మాట్లాడాను. అంతే జరిగింది. కానీ సంగతి బడి దొరసాని నన్ను పిలిచి అడిగే దాకా వచ్చింది. రెండు నెలలు తల దించుకుని తిరిగాను.

చలి తగ్గి ఎండలు ముదిరే వేళకు ఎలకలు చావడం మొదలైంది.

మొదట మిల్లు గోదాముల్లో కనిపించాయన్నారు. తర్వాత మా వరసలోకే వచ్చాయి. పట్టపగలు గది మధ్యకు వచ్చి, మనిషిని చూసినా బెదరక, తాగినట్టు తూలుతూ తిరిగి, ఒక పక్కకు ఒరిగిపోయేవి. వాటిని చూసినవాళ్ళు ఎవరికీ చెప్పేవాళ్ళు కారు. పొరకతో తోసి, క్రీకులో పారేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. ప్లేగు ఉన్నట్టు మునిసిపాలిటీకి తెలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. రోగిని బండిలో వేసి అంటురోగాల ఆసుపత్రికి తీసుకుపోతారు. ఇంట్లోవాళ్ళను తామ్వే దాటాక పొలాల్లో వేసిన ఆకుపాకల్లో పెడతారు. గదిలో నేల పలకలు ఊడబెరికి, గుడ్డలూ చాపలూ తగలబెడతారు. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళను మా వీధిలో ఎవరూ చూడలేదు.

ఒక ఆదివారం గుడిలో కంజిర మోగలేదు. పిన్ని ఒక్కతే వచ్చింది. "కొంచెం ఒళ్ళు ఎచ్చగుంది. తొంగున్నాడు" అంది. ఇంటికి వచ్చాక గోడ అవతల మూలుగు వినిపించింది. సోమవారానికి అది మాటలుగా మారింది. సరుకు, తాడు, "ఒగ్గండి, ఒగ్గండి" అని ఓడ మీది కేకలు. పిన్ని వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది.

"అప్పా, గజ్జల్లో బిళ్ళ కట్టింది. నీకు దండం పెడతాను, ఎవులితోటీ అనకు. గంజి తాగుతున్నాడు. తగ్గిపోద్ది."

అమ్మ బైబిలు మీద చెయ్యి వేసి మాటిచ్చింది. పిన్ని వెళ్ళాక నా వైపు తిరిగి, "మనం సూళ్ళేదు, ఇన్లేదు. తెలిసిందా?" అంది. అలా అంటూనే తన చాపను ఆ గోడ దగ్గర్నుంచి ఇవతలి గోడకు జరుపుకుంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

సంఘంలో బైబిలు స్త్రీగా పనిచేసే పెద్దావిడ ఒకామె ఉండేది. బైబిలమ్మగారు అనేవాళ్ళం. తెల్లచీర, గుడ్డసంచి, నల్లగొడుగు. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి, రోగుల దగ్గర కూర్చుని ప్రార్థన చేసి పోయేది. దేశం నుంచి వితంతువుగా వచ్చి, చాలా ఏళ్ళు దొరసానుల దగ్గర పనిచేసింది. ఆ సోమవారం ఆమె పక్కింటికి వచ్చింది. మాటలు మాకు స్పష్టంగా వినిపించాయి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళిపో అమ్మా. దాసితే నువ్వూ పోతావు, ఈ వరసంతా పోద్ది."

"ఆయన్ని నా సేతుల్లోంచి ఎవులూ తీసుకెళ్ళలేరు. నువ్వు ప్రార్దన సేసి ఎళ్ళిపో" అని పిన్ని అంది.

మంగళవారం పొద్దున వీధి చివర కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉండగా శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట మునిసిపాలిటీ గుమాస్తా. ఇన్‌స్పెక్టరు వచ్చీరాని హిందుస్తానీలో ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. చచ్చిన ఎలకలున్నాయా, జ్వరాలున్నాయా అని. అందరూ తలలు అడ్డంగా ఊపారు. నా వంతు వచ్చింది. బడికి వెళ్ళడానికి తయారై ఉన్నాను. నా చేతిలో ఇంగ్లీషు వాచకం చూసి ఆయన ఇంగ్లీషులో అడిగాడు. నేను ఇంగ్లీషులోనే జవాబు చెప్పాను.

"మూడో గది. ఆదివారం నుంచి జ్వరం."

ఆయన తల ఆడించి, నాకు కృతజ్ఞతలు చెప్పాడు. అంత పెద్దమనిషి నాతో అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమని చెప్పడానికి నేటికీ సిగ్గుగా ఉంది. అమ్మ కడుపులోని బిడ్డ కోసం భయపడి చెప్పానని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ భయం అబద్ధం కాదు. కానీ నోరు తెరిచినప్పుడు నా కళ్ళ ముందు కదిలింది అమ్మ కాదు. ప్రార్థన కూడికలో మోకరించిన పిన్ని వీపు.

"ఏటడిగినాడే?" అని ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు.

"ఏ బడి అని అడిగాడు" అన్నాను.

వాళ్ళలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. బైబిలమ్మగారు కొంచెం దూరంలో గొడుగు మూస్తూ నిలబడి ఉంది. ఆమెను నేను అప్పుడు గమనించలేదు.

బుధవారం తెల్లారి ఎండ ఎక్కుతుండగా బండి వచ్చింది. నలుగురు మనుషులు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని. పిన్ని గుమ్మానికి అడ్డం పడుకుంది. ఆమెను పక్కకు లాగి చిన్నాన్నను దుప్పటితో సహా ఎత్తారు. ఆయనకు తెలివి ఉంది. నా ముందు నుంచే తీసుకుపోయారు. నన్ను గుర్తుపట్టి, "మేష్టరమ్మా, మీ పిన్నిని సూడు" అన్నాడు. బండి మిల్లు మలుపు తిరిగే దాకా పిన్ని దాని వెనకాల పరిగెత్తింది. రెండో బండి వచ్చి ఆమెను ఎక్కించుకుంది. మధ్యాహ్నానికి వాళ్ళ సామాను వీధిలో మంటగా లేచింది. కంజిర తోలు కాలి పేలిన చప్పుడు విన్నాను.

మూడో రోజుకు ఆయన పోయాడని పాస్టరుగారికి కబురొచ్చింది. పిన్ని అప్పటికి ఆకుపాకల్లో ఉంది. ఆమెను పంపలేదు. సంఘం వాళ్ళెవరినీ రానివ్వలేదు. ఎవరు మోశారో, ఎవరు పూడ్చారో తెలియదు. ఒక కీర్తన లేదు, ఒక ప్రార్థన లేదు.

రెండు వారాలకు పిన్ని తిరిగి వచ్చింది. ఎవరిదో చీర కట్టుకుని, చేతిలో ఒక రేకు గిన్నెతో. కొత్త పలకలు వేసి సున్నం కొట్టిన ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ మర్నాడు తెల్లవారుజామున గోడ అవతల ఆమె గొంతు వినిపించింది. నేను లేచి కూర్చున్నాను.

"ప్రభువా, సెప్పినోళ్ళెవులో నీకు తెలుసు. ఆ నోరు పడిపోవాల. ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోవాల. నా పెనిమిటి ఎలాగ ఒంటరిగా పోనాడో ఆళ్ళూ అలాగే పోవాల. నీ నామంలో అడుగుతున్నాను తండ్రీ."

ఇవతల మా అమ్మ చాప మీద పడుకునే, కళ్ళు మూసుకుని, జాలిగా "ఆమేన్" అంది.

ఆ రోజు నుంచి ప్రతి తెల్లవారీ అదే. మిల్లు కూతకు ముందు పిన్ని ప్రార్థన, చివర్న అమ్మ ఆమేన్. అమ్మకు చెప్పాలని నోటి దాకా వచ్చేది. బైబిలు మీద చెయ్యి వేసి మాటిచ్చిన మనిషి. ఆ మాట నేను తప్పించానని తెలిస్తే నిండు నెలల్లో ఏమవుతుందోనని మింగేసేదాన్ని. పొయ్యి అంటించేటప్పుడు ఆ శాపమే గుర్తొచ్చేది. పుల్ల మొదటిసారికి అంటుకోకపోతే వెంటనే ఇంకోటి గీసేదాన్ని.

పిన్నికి అనుమానం ఎవరి మీదో వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని నోరు తెరిచి చెప్పింది ఒక్కరే. పైగా ఆ మంగళవారం బైబిలమ్మగారు కుళాయి దగ్గర ఉండటం అందరూ చూశారు. ఆమెకు ఇంగ్లీషు తెలుసు. నేనూ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడానని తెలిసినా, అమ్మ బైబిలు మీద చెయ్యి వేసి మాటిచ్చిన ఇల్లు కాబట్టి పిన్ని చూపు నా మీదికి రాలేదు. పిన్ని గుడి వాకిట్లోనే ఆమెను నిలదీసింది.

"దేవుడి పని సేసే నోటితోటి మనుషుల్ని పట్టిస్తావా?"

"నేను కాదమ్మా" అంది ఆమె. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ ఒక్క మాటను ఎవరూ నమ్మలేదు. ఆమె వస్తుంటే తలుపులు మూసుకునేవి. గిన్నె ఇచ్చి మంచినీళ్ళు తాగమనేవాళ్ళు లేకపోయారు. మా వరసలో ఆమె గొడుగు కనిపిస్తే పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్ళు. సంగతి తేలే వరకు ప్రభువు భోజనపు బల్లకు దూరంగా ఉండమని పాస్టరుగారు ఆమెకు చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. సంఘం రెండుగా చీలిపోతుందని భయపడ్డాడు. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పళ్ళెంలో మనిషి మనిషికీ అందుతూ పోయేవి. బైబిలమ్మగారు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేది. నేను మాత్రం తీసుకునేదాన్ని. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. మనసులో మురికి పెట్టుకుని ఈ బల్లలో చెయ్యి పెట్టినవాడు తన మీదికి తీర్పును తానే పిలుచుకుంటాడని పాస్టరుగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. ఆ రొట్టె ముక్క గొంతులో దిగేటప్పుడు నేను లెక్కపెట్టుకునేదాన్ని, ఇది రెండోది, ఇది మూడోది అని.

వానలు మొదలైన వారంలో అమ్మకు నొప్పులు వచ్చాయి. క్రీకు పొంగి వీధిలోకి వచ్చింది. మంత్రసాని రాలేకపోయింది. గోడ అవతలి నుంచి విని పిన్నే వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నన్ను నీళ్ళు కాచమంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని, ఒళ్ళంతా నీలంగా. ఏడవలేదు.

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. వచ్చింది, అనుకున్నాను. రోజూ పొద్దున్నే అడిగినది వచ్చింది.

పిన్ని పేగు తప్పించింది. పిల్లను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. నోట్లో వేలు పెట్టి తుడిచి, తన నోటితో ఊదింది. "ఏడూ, ఏడూ, నీ తస్సాదియ్యా, ఏడవ్వే" అని అరిచింది. ఎంతసేపని చెప్పను, నాకైతే వాన చప్పుడు కూడా వినిపించలేదు. చివరికి పిల్లి కూనలా ఒక గొంతు వచ్చింది. పిన్ని అక్కడే కూలబడి, పిల్లను రొమ్ముకు అదుముకుని, భర్త పోయాక మొదటిసారి మా ముందు భోరుమని ఏడ్చింది.

మర్నాడు తెల్లవారి కూడా ఆమె ఆ ప్రార్థన మానలేదు.

పిల్ల దక్కిందని ఊపిరి పీల్చుకోవలసింది పోయి నాకు ఇంకా భయం పట్టుకుంది. ఇప్పుడిక ఎలా చెప్పను? మా ఇంటి పొయ్యి ఆరాలని తెలియక కోరుతూ, మా ఇంటి దీపాన్ని తన ఊపిరితో నిలబెట్టిన మనిషికి? రోజు రోజుకూ చెప్పడం ఇంకా కష్టమవుతూ వచ్చింది. ఒకరోజు పిన్ని కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆయన్ని ఎక్కడ పూడ్సినారో అడుగుతా ఒక ఉత్తరం రాయవే. నీకు ఇంగిలీసు వొచ్చు కదా."

ఏ ఇంగ్లీషుతో ఆయన్ని పట్టించానో అదే ఇంగ్లీషుతో రాశాను. నెల్లాళ్ళకు జవాబు వచ్చింది. అలాంటివాళ్ళకు విడి గుంటలు ఉండవనీ, గుర్తులు పెట్టరనీ. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. "తెలియదంట పిన్నీ" అన్నాను. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బైబిలమ్మగారిని దేశానికి పంపించేస్తారని మాట పుట్టింది. ఇళ్ళలోకి రానివ్వని మనిషి ఇల్లిల్లూ తిరిగే పని ఎలా చేస్తుంది? ఓడ వచ్చే లోపల ఒకసారి సమాధానపరచాలని పాస్టరుగారు అనుకున్నారు. బల్ల ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం సిద్ధపాటు కూడిక ఉండేది. ఒకరి మీద ఒకరికి ఏదైనా ఉంటే అక్కడే కడిగేసుకోవాలి. ఆ శనివారం గుడి నిండింది. పాస్టరుగారు ఇద్దరినీ ముందుకు పిలిచారు.

"ఒప్పుకుంటే సెమిస్తాను" అంది పిన్ని. "ఒప్పుకోకుండా దేన్ని సెమించమంటారు?"

బైబిలమ్మగారు చేతిలోని గొడుగు పక్కన పెట్టింది. తర్వాత వంగి, తనకన్నా చిన్నదైన పిన్ని పాదాలు పట్టుకుంది.

"నన్ను సెమించమ్మా" అంది.

నాలుగు నెలలుగా బిగించి పట్టుకున్నది ఒక్కసారిగా సడలినట్టు పిన్ని కిందకు జారి, బైబిలమ్మగారి మెడ మీద తల పెట్టి ఏడ్చింది. గుడిలో అందరూ ఏడ్చారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. అంత ఆనందంగా ఆ గుడి పాడటం నేనెప్పుడూ వినలేదు. నేనూ లేచి నిలబడి పెదాలు కదిపాను.

కూడిక అయ్యాక బడి వెనక ఆమె గదికి వెళ్ళాను. గొడుగుకు ఊడిన పుల్లను దారంతో కుడుతోంది.

"మీరు చెయ్యలేదు కదా అమ్మగారూ. ఎందుకలా అన్నారు?"

"సేసినానని అన్లేదు. సెమించమన్నాను" అంది తలెత్తకుండా. తర్వాత దారం తెంపి నా వైపు చూసింది. "మూడో గది. ఆదివారం నుంచి జొరం. అంతే కదా నువ్వన్నది?"

నేలమీద కూర్చున్నాను.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"నేను సెప్తే నిన్ను పట్టించినట్టవుద్ది. నీ అంతట నువ్వు వొస్తావని సూసినాను. నెలా, రెండు నెలలూ. నువ్వు రాలేదు. ఆ ఆడకూతురు రోజుకింత కాలిపోతంది. ఎవులో ఒకరు తలొంచితే ఆరిపోద్దనుకున్నాను." ఆమె గొంతు మారింది. "ఇప్పుడనిపిస్తంది, అది మంచి కాదు. అబద్దం మీద సమాదానం కట్టినాను. రేపు అందరం దాని మీద కూకుని రొట్టి తింటాం. అది నా పాపం, నీది కాదు. కానీ నువ్వొచ్చినావు కాబట్టి సెప్తున్నాను. నాతోటి సెప్పడం లెక్కలోకి రాదు. ఆమెతోటి సెప్పు. బల్లకు ముందే."

ఆదివారం తెల్లవారి గోడ అవతల ప్రార్థన లేదు. ఆమె కీర్తన కూనిరాగం తీస్తోంది. నేను వెళ్ళేసరికి చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది. "రావే, కూకో" అంది. నేను కూర్చోలేదు.

"పిన్నీ, బైబిలమ్మగారు కాదు. ఇన్‌స్పెక్టరుకు చెప్పింది నేను."

ఆమె చెయ్యి చేటలో ఆగింది. మళ్ళీ కదిలింది. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఏ రోజు?"

"మంగళవారం పొద్దున్న."

"బుదవారం పొద్దున గంజి తాగినాడు" అంది తనలో తను. "గిన్నెడూ తాగినాడు. తగ్గిపోద్దనుకున్నాను." చేట కింద పెట్టి, "మీ యమ్మ గురించి బయపడ్డావా?" అని అడిగింది.

అవునని అంటే చాలు. ఆ మాట ఆమే నా చేతికి అందించింది. కానీ అప్పటికి అబద్ధాలు మింగి మింగి నాకు కడుపు నిండిపోయింది.

"భయమూ ఉంది. ప్రార్థనలో నన్ను అన్నందుకు కోపమూ ఉంది. ఆయన నాతో ఇంగ్లీషులో మాట్లాడాడని గొప్పా ఉంది."

పిన్ని తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం కనిపించి ఉంటే బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"బయంతోటే సెప్పినావంటే ఒగ్గీసి ఊరుకుందును" అంది. "బయం నాకూ తెలుసు. ఎళ్ళు. పిల్ల పాలకి ఏడుస్తంది."

నిజంగానే మా ఇంట్లో చెల్లెలు ఏడుస్తోంది. నేను వచ్చేశాను. అమ్మ గోడ ఇవతల పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. అన్నీ విన్నది. పిల్లను నాకు అందివ్వబోయి, మానేసి, తనే ఎత్తుకుంది.

ఆ రోజు గుడిలో పళ్ళెం నా దాకా వచ్చినప్పుడు నేను పక్కవాళ్ళకు అందించేశాను. పిన్ని కూడా తీసుకోలేదు. పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పడానికి చెయ్యెత్తబోతుండగా ఆమె లేచింది. వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళి, బైబిలమ్మగారి ముందు మోకరించి, "నేను తప్పు మనిషిని పట్టుకున్నాను. నువ్వు నన్ను సెమించు" అని గట్టిగా అంది. ఎవరు అసలు మనిషో చెప్పలేదు. గుడి అంతా గుసగుసలాడింది. నేను లేచి నిలబడ్డాను. "నేను" అన్నాను. అదే చాలింది.

పాస్టరుగారు నన్ను ఆరు నెలలు బల్లకు దూరంగా ఉంచారు. బడిలో పని మాత్రం పోలేదు. బైబిలమ్మగారు దొరసానితో మాట్లాడిందని తర్వాత తెలిసింది. ఆమె దేశానికి వెళ్ళలేదు. మళ్ళీ గొడుగు వేసుకుని తిరిగింది. కొన్ని ఇళ్ళవాళ్ళు సిగ్గుపడి పిలిచారు. కొన్ని ఇళ్ళవాళ్ళు తాము అనవసరంగా వెలివేసినందుకు ఆమె మీదే ఇంకా ఎక్కువ కోపం తెచ్చుకున్నారు. మనుషులు అలా ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

గోడ అవతల మాత్రం నిశ్శబ్దం. శాపం లేదు, కీర్తన లేదు, దగ్గు కూడా లేదు. తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చి చెవి పెట్టేదాన్ని. ఆమె లేచినట్టు పలక కిర్రుమనేది. మోకరించినట్టు ఇంకోసారి కిర్రుమనేది. ఆ తర్వాత ఏమీ వినిపించేది కాదు. నా పేరు దేవుడి ముందు పెట్టి ఆమె ఏం అడుగుతోందో తెలియకుండా పడుకోవడం శాపాలు వినడం కన్నా కష్టంగా ఉండేది. చెల్లెలిని చూడటానికి వచ్చేది, నేను బడికి వెళ్ళిన వేళ చూసుకుని. ఒకసారి అమ్మ ఉండబట్టలేక, "దాన్ని సెమించినావా లేదా?" అని అడిగిందట.

"లేదప్పా. ఇమ్మని రోజూ అడుగుతున్నాను. నా కాడ లేదది. ప్రభువే ఇవ్వాల" అందట పిన్ని.

మళ్ళీ చలి వచ్చి పోయింది. ఎండలు ముదిరాయి. మిల్లు గోదాముల్లో ఎలకలు చస్తున్నాయని మళ్ళీ మాట వినిపించసాగింది. ఒక మధ్యాహ్నం బడిలో పిల్లలు గుణింతం వల్లిస్తుండగా గుమ్మంలో నీడ పడింది. పిన్ని. ఎండలో నడిచి వచ్చి రొప్పుతోంది. తల దువ్వుకోలేదు. చేతులకు పిండి అలాగే అంటుకుని ఉంది. పని మధ్యలో లేచి వచ్చేసిందని తెలుస్తోంది. నేను బయటికి వెళ్ళాను. ఎవరో పోయారని చెప్పడానికి వచ్చిందనుకున్నాను.

"ఈ పొద్దు వొచ్చింది" అంది.

"ఏంటి పిన్నీ?"

"సెమ. పిండి కలుపుతుంటే వొచ్చింది. నీ మీద కోపం ఎతుక్కున్నాను, కనపళ్ళేదు. రేపటికి ఉంటాదో ఉండదో నాకు తెల్దు. అందికే ఉన్నప్పుడే సెప్పీసి పోదామని వొచ్చినాను."

పిండి చేతులతోనే నా తల మీద ఒకసారి చెయ్యి వేసింది. నేను ఏదో అనే లోపల వెనక్కి తిరిగి ఎండలోకి వెళ్ళిపోయింది. లోపల పిల్లలు వల్లించడం ఆపి నన్నే చూస్తున్నారు.

ఆ తర్వాత మేము రంగంలో ఇంకా కొన్నేళ్ళు ఉన్నాం. ఆ వేసవి ప్లేగుకు మా వరసలో రెండు గదులు ఖాళీ అయ్యాయి. వాళ్ళ గురించి ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆదివారాలు పిన్ని గుడికి వచ్చి కొన్నిసార్లు నా పక్కన కూర్చునేది. నా మోచేతికి ఆమె మోచెయ్యి తగిలేది. పళ్ళెం ఆమె చేతి నుంచి నా చేతికి వచ్చేది. కొన్ని ఆదివారాలు నన్ను దాటుకుని వెళ్ళి అవతలి బెంచీలో, గోడ పక్కన, ముఖం తిప్పుకుని కూర్చునేది. ఆ రోజు ఆమెకు ఆ క్షమ దొరకలేదని అర్థం. నేను అలిగేదాన్ని కాదు, అడిగేదాన్ని కాదు. నా పక్కన ఒక మనిషికి చోటు ఉంచి కూర్చునేదాన్ని. గంట మోగి, అందరూ లోపలికి వస్తున్నప్పుడు, ఆమె అడుగులు ఎటు తిరుగుతాయోనని వింటూ.